థైమస్ గడ్డ తీసేస్తే మయస్థీనియా పోతుందా?

ప్రశ్న (రాజాం నుంచి): అమ్మకి 52 ఏళ్లు, మయస్థీనియా (కండరాలు త్వరగా అలసి నీరసపడే జబ్బు). రెప్పలు వాలిపోతాయి, సాయంత్రానికి మింగుడు పడదు. సీటీలో థైమస్‌లో (ఛాతీ ఎముక వెనకుండే గ్రంథి) 4 సెం.మీ. గడ్డ కనబడింది. ముందు ముక్క పరీక్ష చేయించాలా, నేరుగా ఆపరేషనా?

జవాబు: పూర్తిగా తీయగలిగేలా ఉంటే సాధారణంగా ముక్క తీయరండి. గడ్డ పొర చిరిగితే కణాలు ఛాతీలో పడే భయం. థైమస్ మొత్తాన్నీ, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీస్తారు. గడ్డ లెక్క వేరు, నీరసం లెక్క వేరు. గడ్డకి మసావోకా దశ (ఎంతవరకు పాకిందో చెప్పే లెక్క), అంచుల్లో ఏమీ మిగలకపోవడం ముఖ్యం. నీరసం మర్నాడే పోదు. నెలలు, ఏళ్లు పడుతుంది, కొందరికి మందులు ఆగనే ఆగవు.

ఇంకొకరు: మింగుడు పడనప్పుడు తొందరపడి కోయించకండి, ఆపరేషన్ తర్వాత ఊపిరాడని క్రైసిస్ రావచ్చు. ముందు ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు; మొత్తం కిలో బరువుకి 2 గ్రాములు, 2–5 రోజుల్లో) గానీ ప్లాస్మా (రక్తంలోని ద్రవం) మార్పిడి గానీ చేసి నిలదొక్కుకోనిస్తారు. వైజాగ్ వెళ్తే న్యూరాలజీ, ఛాతీ సర్జరీ, వెంటిలేటర్ మూడూ ఒకే కప్పు కింద ఉన్నచోటు చూడండి. పడుకుంటే ఆయాసం వస్తే మాత్రం ఆ రాత్రే బయల్దేరాలి.

మరొకరు: జ్వరమొస్తే ఊళ్లో జెంటామైసిన్, అమికాసిన్ సూదులు వద్దు. సిప్రో, అజిత్రో బిళ్లలూ నీరసం పెంచగలవు. జబ్బు పేరు చీటీ మీద రాసి అమ్మ దగ్గరే ఉంచండి.

ప్రశ్న: రిపోర్టులో బీ2 (థైమస్ గడ్డల్లో ఒక రకం) అని వస్తే?

జవాబు: దశను బట్టి రేడియేషన్ అవసరం పడొచ్చు. ఏది వచ్చినా, ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టగల గడ్డ ఇది. పదేళ్లపాటు సీటీలు మానకండి.