సెక్రటరీ గారు సీసీ కెమెరా వీడియో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు, అదే కమిటీలో ఉన్న నేనేం చెయ్యాలి?

నిజాంపేట_ట్రెజరర్:

అందరికీ నమస్తే. మాది 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, సొసైటీగా రిజిస్టర్ అయిన అసోసియేషన్, నేను రెండేళ్ల నుంచి ట్రెజరర్‌ని. సమస్య మా సెక్రటరీ గారితో. ముందే చెప్పేస్తున్నా, మనిషి పనిలో రాక్షసుడు, ఎండాకాలం బోర్లు ఎండిపోతే పొద్దున్నే 5 గంటలకి లేచి ట్యాంకర్ల చుట్టూ తిరిగింది ఆయనే, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన రోజు కరెంటాఫీసులో కూర్చుని లైన్‌మెన్‌ని వెంటబెట్టుకొచ్చింది కూడా ఆయనే. అందుకే ఇన్నాళ్లూ ఎవరం నోరు మెదపలేదు.

మెయింటెనెన్స్ లేటయిన వాళ్ల పేర్లు ఫ్లాట్ నంబర్లతో సహా ఎర్ర రంగు కొట్టి గ్రూపులో పెట్టడం, వాచ్‌మెన్‌ని వాళ్ల పిల్లల ముందే నోటికొచ్చినట్టు తిట్టడం, లిఫ్ట్ ఏఎమ్‌సీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) బిల్లు చూపించమని అడిగిన పెద్దాయన్ని గ్రూపులోంచి తీసేయడం, ఇవన్నీ చూస్తూ వచ్చాం. పోయిన వారం మాత్రం హద్దు దాటింది. మూడో ఫ్లోర్‌లో అద్దెకుండే అమ్మాయి నైట్ షిఫ్ట్ చేసి రెండున్నరకి క్యాబ్‌లో దిగింది, ఒకబ్బాయి లిఫ్ట్ దాకా వచ్చి వెళ్లిపోయాడు. ఈయన ఆ క్లిప్ తీసి "ఇది ఫ్యామిలీలు ఉండే చోటు, ఓనర్లు గమనించగలరు" అని గ్రూపులో పెట్టారు. తర్వాత డిలీట్ చేశారు గానీ అప్పటికే చూడాల్సిన వాళ్లందరూ చూసేశారు. ఆ ఫ్లాట్ ఓనర్ అదే రోజు ఫోన్ చేసి ఖాళీ చెయ్యమన్నాడంట.

ఆ అమ్మాయి మా ఇంటికొచ్చి "అంకుల్, మీరు కూడా కమిటీయే కదా" అంది. అంతే, ఇంకేం అనలేదు. నాకు నోట మాట రాలేదు. ప్రెసిడెంట్ గారికి చెప్తే "పని చేసేది ఆయనొక్కడే, ఆయన మానేస్తే నువ్వు చేస్తావా" అంటున్నారు. మూడు రోజుల నుంచి సరిగా నిద్ర లేదు. కమిటీలో మనిషే ఇట్లా చేస్తే మిగతావాళ్లం ఏం చెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత_సెక్రటరీ:

బ్రదర్, నేను కూకట్‌పల్లి వైపు 4 ఏళ్లు సెక్రటరీగా చేశా. రూపాయి జీతం ఉండదు, అర్ధరాత్రి మోటర్ ఆగితే మనకే ఫోన్, అన్నం తింటుంటే మనకే ఫోన్. ఆ చిరాకు ఎక్కడో ఒకచోట బయటికొస్తుంది, నేనూ ఒకసారి ప్లంబర్ మీద గట్టిగా అరిచి మర్నాడు పిలిచి సారీ చెప్పా. కాబట్టి ఆయన అరుపుల వరకు నాకు అర్థమవుతుంది. కెమెరా సంగతి మాత్రం వేరే. దొంగలు పడితే చూడ్డానికి నమ్మి చేతిలో పెట్టిన పాస్‌వర్డ్ అది, ఎవరు ఎన్నింటికి ఇంటికొచ్చారో లెక్కలు తియ్యడానికి కాదు.

మీటింగులు తర్వాత, ముందు ఈ రాత్రికే డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) పాస్‌వర్డ్ మార్చండి, ఫోన్‌లో లైవ్ చూసే యాప్ ఎవరెవరి దగ్గరుందో కనుక్కుని అన్నీ లాగౌట్ చేయించండి. ఇక నుంచి ఫుటేజ్ చూడాలంటే కమిటీలో ఇద్దరుండాలి, ఎవరడిగారు, ఏ తేదీ, ఏ టైమ్, ఎందుకు అని ఒక రిజిస్టర్‌లో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. కాపీ బయటికిస్తే పోలీసులకే, అదీ వాళ్లు రాసిస్తేనే. గ్రూప్ అడ్మిన్, గేట్ యాప్, కెమెరా, మెయింటెనెన్స్ లిస్టు అన్నీ ఒక్కడి చేతిలో ఉంటే ఎంత మంచోడైనా కొన్నాళ్లకి ఇల్లంతా తనదే అనుకుంటాడు.

ఎస్టాబ్లిష్‌మెంట్_సెక్షన్_రిటైర్డ్:

ఒక ప్రభుత్వ రంగ ఆఫీసులో 31 ఏళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే చోట, మెమోలు టైప్ చేసినవాణ్ణి, అందులోంచి ఒక మాట చెప్తాను. "మీ ప్రవర్తన బాగాలేదు" అని రాశారో, ఆయన "నేనేం చేశాను" అంటాడు, వాదన అక్కడే ఆగిపోతుంది. ఫలానా తేదీ ఫలానా టైముకి, ఫలానా కెమెరా క్లిప్, ఈ మాటలతో గ్రూపులో పెట్టారు, దీనికి మీ వివరణ ఏంటి, ఇంతే రాయండి. వారం టైమివ్వండి. ఆయన చెప్పేది కూర్చుని వినండి. పాత గొడవలన్నీ తవ్వి అందులో కలపొద్దు, కలిపితే అసలు విషయం పలచబడుతుంది. ఈ వారం రోజులు ఆయన కెమెరాల జోలికి రాకూడదు. అది శిక్ష కాదు, విచారణ అయ్యేదాకా ఎక్కడైనా అట్లాగే చేస్తారు, ఆ మాట ఆయనకి కూడా చెప్పండి.

కాగితం ఇచ్చే ముందు మాత్రం ఇద్దరు కలిసి ఆయన ఇంటికెళ్లండి. ఆయన లేకుండా ఇంకో గ్రూపు పెట్టి ఆయన గురించి మాట్లాడుకోవడం అసలొద్దు, అది తెలిసిన రోజు మీరు చెప్పిందంతా కుట్ర అయిపోతుంది. ఇంకోటి, తప్పు గ్రూపులో జరిగింది కాబట్టి క్షమాపణ కూడా గ్రూపులోనే రావాలి. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చెవిలో సారీ చెప్తే సరిపోదు. ఆయన రాయనంటే అసోసియేషన్ పేరుతో ప్రెసిడెంట్ రాయాలి.

సామాన్యుడు_1:

సెక్యూరిటీ కోసం పెట్టుంటాడు, డిలీట్ కూడా చేశాడు కదా, ఇంత రాద్ధాంతం అవసరమా? ఇట్లా చేస్తే రేపు కమిటీలోకి ఎవరూ రారు.

నైట్‌షిఫ్ట్_అక్క:

సామాన్యుడు గారూ, డిలీట్ చేసిన వీడియో వల్ల ఒకమ్మాయి ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఇది రాద్ధాంతం కాదు.

నేను గచ్చిబౌలిలో 6 ఏళ్లు నైట్ షిఫ్ట్ చేశాను కాబట్టి చెప్తున్నా. రాత్రి షిఫ్టుల్లో ఆడవాళ్లకి రానుపోను బండి, భద్రత కంపెనీయే చూడాలని మన దగ్గర ప్రభుత్వం షరతు పెట్టింది. క్యాబ్‌లో మొదట ఎక్కేది గానీ చివర దిగేది గానీ అమ్మాయైతే పక్కన ఎస్కార్ట్‌ని పంపుతారు. చాలాసార్లు ఆ మనిషి మనం లోపలికి వెళ్లేదాకా నిలబడి, షీట్‌లో సంతకం తీసుకుని అప్పుడు పోతాడు. ఆ క్లిప్‌లో ఉన్నది ఎస్కార్టే అయ్యుండొచ్చు. అమ్మాయి క్షేమంగా ఇంటికి చేరడానికి పెట్టిన మనిషినే చూపించి ఆ అమ్మాయి పరువు తీశారు. ఎస్కార్ట్ కాకపోయినా, ఫ్రెండ్ అయినా, ఇంకెవరైనా, 64 ఇళ్లకి ఆమె లెక్క చెప్పక్కర్లేదు.

ట్రెజరర్ గారూ, మీరందరూ కమిటీ ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నారు, ఆ అమ్మాయికి ఏం కావాలో అడిగారా? నాకు ఇట్లాంటిదే అయినప్పుడు పెద్దవాళ్లంతా కూర్చుని మాట్లాడి తేల్చేశారు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. షీ టీమ్స్‌కి (ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు) వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వెళ్తానంటే ఫుటేజ్, గ్రూప్ స్క్రీన్‌షాట్లు చెరిగిపోకుండా తీసి పెట్టండి, వద్దంటే బలవంతం చెయ్యొద్దు. ఓనర్‌తో కూడా కమిటీ తరఫున మీరే మాట్లాడండి, ఆమె ఒక్కతే మాట్లాడితే ఆయన వినడు.

కోర్టు_గుమాస్తా:

చట్టం సంగతి క్లుప్తంగా. అడ్మిన్‌కి ఏ బాధ్యతా లేదని కోర్టులు చెప్పాయంటూ మీ ప్రెసిడెంట్ అనొచ్చు. 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పింది గ్రూపులో వేరేవాళ్లు పెట్టిన పోస్టు గురించి. ఇక్కడ పెట్టింది ఆయనే, ఆ తీర్పులు పనికిరావు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది, ఆడవాళ్ల మర్యాదకి భంగం కలిగించాలనే ఉద్దేశంతో వాళ్ల ప్రైవసీలోకి చొరబడితే 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ఉద్దేశం ఉందా లేదా అన్నది పోలీసులు, కోర్టు చూస్తారు, మనం ముందే తీర్పు చెప్పక్కర్లేదు.

మీది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయ్యుంటే 23వ సెక్షన్ చూడండి, కమిటీ వాళ్ల మధ్య గానీ మెంబర్ల మధ్య గానీ సొసైటీ వ్యవహారంలో తగాదా వస్తే ఏ మెంబరైనా ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం) జిల్లా కోర్టుకో వెళ్లొచ్చు. అంతదాకా పోయే ముందు మీ బైలాస్, అంటే సొసైటీ నియమాల పుస్తకం తియ్యండి. స్పెషల్ జనరల్ బాడీ పిలవడానికి ఎంతమంది సంతకాలు కావాలో, పదవి నుంచి ఎట్లా తీస్తారో అందులో ఉంటుంది. అందులో చెప్పినన్ని సంతకాలు పెట్టి అడిగితే ప్రెసిడెంట్ ఇష్టంతో పని లేదు.

నిజాంపేట_ట్రెజరర్:

పది రోజులైంది, ఏం జరిగిందో చెప్తాను. ముందు ఆ అమ్మాయిని అడిగాను. "ఎస్కార్టే అంకుల్, కానీ ఎవరైతే మీకెందుకు" అంది, తప్పయింది అన్నాను. కంప్లైంట్ వద్దంది, గ్రూపులో అందరికీ కనపడేలా సారీ కావాలంది.

జాయింట్ సెక్రటరీ, నేను కలిసి ఆయనింటికి వెళ్లాం. మొదట బాగా అరిచారు, ఇంతా చేస్తే నాకిదా మర్యాద అని పంప్ రూమ్ తాళాలు తీసి టీపాయ్ మీద పడేశారు. మేం మాట పెంచలేదు, తేదీ, టైమ్ రాసిన కాగితం చదివి ఆయన చేతికిచ్చి వచ్చేశాం. నాలుగు రోజులు ఫోనెత్తలేదు. ఆ నాలుగు రోజులూ ట్యాంకర్ల పని నేను, సెకండ్ ఫ్లోర్ కుర్రాడొకడు చూసుకున్నాం. నిజంగా కష్టమే, ఆయన పడ్డ కష్టం ఏంటో అప్పుడు తెలిసింది, అయినా నీళ్లు మాత్రం ఆగలేదు.

ఐదో రోజు ఆయనే క్షమాపణ రాసి ముందు నాకు పంపారు. అందులో "ఎవరైనా బాధపడి ఉంటే" అని ఉంది. ఆ ముక్క తియ్యమన్నా, బాధపడ్డారో లేదో మనకి తెలుసు కదా అన్నా. తీసేశారు. "ఆ వీడియో తీసి ఇక్కడ పెట్టడం నా తప్పు, ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు" అని గ్రూపులో పెట్టారు. సెక్రటరీగానే ఉంటున్నారు, కెమెరాలు, గ్రూప్ అడ్మిన్ మాత్రం ఇప్పుడు ఆయన దగ్గర లేవు. తీసేసిన పెద్దాయన్ని మళ్లీ గ్రూపులో చేర్చి లిఫ్ట్ బిల్లు కూడా పెట్టాం.

ఓనర్ దిగొచ్చాడు, ఉండమన్నాడు. అమ్మాయి ఉండనంది, మణికొండలో అడ్వాన్స్ ఇచ్చేసిందంట, నెలాఖరుకి వెళ్లిపోతోంది. మూడు రోజులు నోరు మూసుకుని కూర్చోకపోతే ఉండేదేమో అనిపిస్తోంది. వాచ్‌మెన్‌ని తిట్టిన సంగతి ఇంకా తేలలేదు, వచ్చే ఆదివారం మీటింగ్ అజెండాలో రాశాను, వాచ్‌మెన్‌ని కూడా కూర్చోబెట్టి వింటాం.

డీవీఆర్ రిజిస్టర్ మొదలైంది. నిన్న మొదటి ఎంట్రీ పడింది, సెల్లార్‌లో స్కూటీకి గీత పడిందని 204 వాళ్లు అడిగారు, ఇద్దరం కూర్చుని చూసి సంతకాలు పెట్టాం.