ఇంగ్లీషు క్లాసులో సినిమా వేస్తే చూస్తున్నారు, నోరు మాత్రం విప్పడం లేదు

టెక్కలి టీచర్:
నమస్కారమండీ. టెక్కలి దగ్గర జడ్పీ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది కదా అని శనివారం ఆఖరి పీరియడ్లలో ఇంగ్లీషు యానిమేషన్ సినిమాలు వేస్తున్నాను, తెలుగు సబ్‌టైటిల్స్‌తో. కిక్కురుమనకుండా చూస్తారు. అయ్యాక ఇంగ్లీషులో ఒక్క ప్రశ్న అడిగితే అందరూ తలలు వంచేస్తారు. అదే కథ తెలుగులో చెప్పమంటే పోటీలు పడతారు. "క్లాసుని సినిమా హాలు చేశారమ్మా" అని మా హెచ్‌ఎం గారు నవ్వుతూనే అన్నారు గానీ, నాకు తగలాల్సిన చోటే తగిలింది. బీఈడీలో చదివిన థియరీ వద్దండీ, చేసి చూసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి మేష్టారు:
మేడమ్ గారూ, కింద తెలుగు కనిపిస్తుంటే ఇంగ్లీషు వినాల్సిన అవసరం వాళ్లకేముంది? పైగా గంటన్నర సినిమా క్లాసుకి పనికిరాదు. మూడు నిమిషాల ముక్క చాలు, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పాలి.

నేనైతే మాటల్లేని సినిమాతో మొదలుపెడతాను. 1956లో వచ్చిన ఫ్రెంచి సినిమా 'ద రెడ్ బెలూన్' 34 నిమిషాలే, మాటలు దాదాపు ఉండవు. ఇంగ్లీషు క్లాసులో ఫ్రెంచి సినిమా ఏమిటని స్టాఫ్ రూములో నవ్వారు. అందులో మాటల్లేవు కాబట్టే పిల్లలు పెట్టాల్సి వస్తుంది. దీపస్తంభానికి చిక్కుకున్న ఎర్ర బెలూను ఓ కుర్రాడికి దొరుకుతుంది. దాంతో బస్సెక్కబోతే కండక్టరు ఎక్కనివ్వడు. అక్కడ ఆపేసి, "వాట్ విల్ హి డూ?" అంటాను. కండక్టర్ల సంగతి మా పిల్లలకి వేరే చెప్పాలా, రోజూ ఫుట్‌బోర్డు మీద వేలాడి వచ్చేవాళ్లే! ఒకడు లేచి "హి రన్నింగ్ సార్" అన్నాడు. తప్పు అనలేదు నేను. "హి విల్ రన్" అని బోర్డు మీద రాసి ప్లే నొక్కాను. తెర మీద కుర్రాడు నిజంగానే పరుగందుకున్నాడు. ఆ తర్వాత ఎక్కడ ఆపినా చేతులు లేస్తూనే ఉన్నాయి.

మాటలున్న సినిమా అయితే మొదటిసారి సౌండు తీసేయండి. "మేష్టారూ, సౌండు పోనాది!" అని అరుస్తారు, అరవనివ్వండి. వాళ్లెవరు, ఎందుకు కోపంగా ఉన్నారో ఊహించమనండి. రెండోసారి సౌండుతో, మూడోసారి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో. ఇంకోటి, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరిని తెరకి వీపు పెట్టమనండి. రెండోవాళ్లు కనిపించేదంతా ఇంగ్లీషులో చెప్పాలి. గోలగోలగా ఉంటుంది, పక్క క్లాసు వాళ్లకి ముందే చెప్పుకోండి.

రాజాం నుంచి:
సబ్‌టైటిల్స్ దగ్గర మేష్టారితో నేను ఏకీభవించను. చదవడంలో వెనకబడిన పిల్లలకి మూడోసారి దాకా ఎందుకు, రెండోసారే ఇవ్వండి. చెవిన పడుతున్న మాటే కింద కనిపిస్తే కన్ను ఊరుకోదు. అప్పట్లో అహ్మదాబాద్ ఐఐఎంలో ఉన్న బ్రిజ్ కొఠారి దూరదర్శన్‌లో సినిమా పాటల కింద అదే భాషలో అక్షరాలు వేయించింది ఈ ఆలోచనతోనే.

పలాస అక్క:
బెలూన్లు బాగానే ఉన్నాయి గానీ, మా పిల్లలకి సొంత వీడియోతోనే నోరు పెగిలింది. ఇక్కడ జీడి పని చేసే అమ్మలు చాలామంది. వాళ్లమ్మ జీడిపిక్కలు కొడుతుంటే ఓ పాప ఫోన్లో తీసింది, నిమిషం కూడా లేదు. సౌండు తీసేసి వేశాను, పిల్లలే కామెంటరీ చెప్పారు. "షి కట్స్ ద షెల్. ద ఆయిల్ బర్న్స్ హర్ ఫింగర్స్." ఆ రెండో వాక్యం చెప్పింది, తెలుగులో అడిగినా నోరెత్తని పిల్ల.

టెక్కలి టీచర్:
అందరికీ థాంక్సండీ. ముందు సౌండు తీసేసి చూస్తాను. ఒక్క డౌటు, స్కూల్లో ఇలా సినిమాలు వేస్తే కాపీరైట్ గొడవ రాదా?

బొబ్బిలి మేష్టారు:
1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో మినహాయింపు ఉంది. స్కూలు కార్యక్రమాల్లో భాగంగా వేస్తూ, చూసేది పిల్లలు, స్టాఫు, తల్లిదండ్రులు, స్కూలుతో నేరుగా సంబంధం ఉన్నవాళ్లే అయితే ఇబ్బంది లేదు. టికెట్ పెట్టి ఊరందరికీ వేస్తే అది వేరే కథ. పలాస అక్కగారూ, మీ వీడియోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ముందు ఆ తల్లుల్ని ఒకమాట అడగండి.

పలాస అక్క:
అడిగే చేస్తున్నానండీ. ఒకావిడైతే మంచి చీర కట్టుకున్న రోజు తియ్యమంది.