ఇంట్లోనే శుభలేఖలు కొట్టుకోవచ్చా? తక్కువలో అయ్యే దారి చెప్పండి

అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, మాఘమాసంలో చెల్లి పెళ్లి. ఫ్రెండ్స్‌కి వాట్సాప్‌లో పంపేస్తాం గానీ చుట్టాల ఇళ్లకి వెళ్లి బొట్టుపెట్టి కార్డు చేతికివ్వాల్సిందేనని నాన్నగారు పట్టుబట్టారు. ఓ 150 కావాలి. అంత తక్కువంటే షాపులో ఒక్కో కార్డు రేటు బాగా పెరిగిపోతోంది. ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంది. ఏ పేపర్ కొనాలి? బంగారు రంగు వస్తుందా?

తణుకు అక్క:
తమ్ముడూ, బంగారు రంగు ఆశ వదులుకో, ఇంటి ప్రింటర్‌లో ఆవపిండి రంగులా వస్తుంది. లేత పసుపు పేపర్ మీద కుంకుమ రంగు అక్షరాలు వేయి, నిండుగా ఉంటుంది. 300 జీఎస్ఎం (పేపర్ ఎంత బరువో, మందమో చెప్పే లెక్క) కొనకు, చాలా ఇంటి ప్రింటర్లు దాన్ని లాగలేవు. 180 తీసుకో, అదీ మీ ప్రింటర్ మాన్యువల్ చూసుకున్నాకే. ఏ4ని సగానికి కోసి, ఆ సగాన్ని మధ్యకి మడిస్తే కార్డు అవుతుంది, సీ6 సైజు కవర్లో సరిగ్గా పడుతుంది. అంటే 75 షీట్లు, పాడయ్యేవాటికి ఓ పది ఎక్కువ. మడిచే ముందు స్టీలు స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా గీత గీస్తే అంచు పగలదు.

పాలకొల్లు బాబాయ్:
అన్నీ చెప్పారు, పసుపు సంగతి మరిచారు. నాలుగు మూలలా తడి పసుపు అద్దితే ఇంక్ ట్యాంక్ ప్రింటర్ రంగు పాకేసి పెళ్లికొడుకు పేరు మీదకి వచ్చేస్తుంది, ఆయ్! ముందు ఒక్కటి తీసి, బాగా ఆరనిచ్చి, పసుపు రాసి చూడు. మూలల దగ్గర అక్షరాలు లేకుండా జాగా వదిలెయ్, పసుపు గట్టిగా కలుపు. అసలు నన్నడిగితే డిజైన్ ఇంట్లో చేసుకుని, ప్రింటు మాత్రం లేజర్ ప్రింటర్ ఉన్న జిరాక్స్ షాపులో తీయించు. లేజర్‌ది వేడికి కరిగి అంటుకునే పొడి, తడికి చెదరదు. ఫైల్ పీడీఎఫ్ చేసి తీసుకెళ్లు, లేకపోతే వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేక ఒత్తులన్నీ ఊడిపోతాయి.

రావులపాలెం నుంచి:
పాత శుభలేఖ చూసి మక్కీకి మక్కీ కొట్టేయకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి, అమలాపురం ఇప్పుడు తూర్పు గోదావరిలో లేదు, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని వేయాలి. తిథీ వారమూ పంతులుగారికి చూపించాకే ప్రింటుకివ్వండి. ఇంటిపేర్లు ఆడపెళ్లివారొకసారి, మగపెళ్లివారొకసారి చదవాలి. పిన్నిగారి పేరు వదిలేస్తే ఆ గొడవ సీమంతం దాకా నడుస్తుంది.

అడిగినవారు:
బాబాయ్ గారూ, లేజరే ఖాయం చేశాం. బంగారు రంగు లేదుగా, కవరు మీద నరసాపురం లేసు ముక్క అంటిద్దామంటోంది చెల్లి, బాగుంటుందా?

తణుకు అక్క:
బాగుంటుంది గానీ 150కీ వద్దు, ఖర్చు అక్కడికే పోతుంది. వియ్యాలవారికీ మేనమామలకీ ఇచ్చేవాటికి చాలు. ఫెవికాల్ పల్చగా రాయి, ఎక్కువైతే లేసు కన్నాల్లోంచి పైకొస్తుంది.