నెల్లూరు నుంచి పెంచలకోనకి సైకిల్ మీద ఒక్కరోజులో వెళ్లి రావచ్చా?

జనవరిలో ముగ్గురం అనుకుంటున్నాం. పొదలకూరు, రాపూరు మీదుగా తారు రోడ్డు, కోన దగ్గర కాస్త అడవిలో మట్టిదారి తొక్కాలని ఆశ. నాది 32 ఎం.ఎం. టైర్ల హైబ్రిడ్ (తారు రోడ్డుకీ, కాస్త మట్టిదారికీ పనికొచ్చే రకం సైకిల్), సరిపోతుందా?

జవాబు 1:
రానూపోనూ 150 కిలోమీటర్లు దాటుతుంది తమ్ముడూ, అలవాటు లేకపోతే సైకిళ్లు రాపూరు దాకా బండిలో వేసుకెళ్లి అక్కణ్ణుంచి తొక్కండి, కాళ్లకీ మనసుకీ హాయి. నెల ఎంపిక మాత్రం బాగుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు కదా, మట్టిదారంతా బురదే.

జవాబు 2:
టైర్లు సరే, సర్కారు తుమ్మ ముళ్ల సంగతేంటి? పోయినసారి మట్టిదారిలో నాకు రెండు పంచర్లు, ఉన్న ట్యూబు ఒకటే, ఎండలో నాలుగు కిలోమీటర్లు సైకిల్ని నడిపించుకొచ్చా. మనిషికి రెండు ట్యూబులు, ఒక పంపు పెట్టుకోండి. మట్టి మీద గాలి కాస్త తగ్గించండి, పట్టు బాగుంటుంది, తారెక్కగానే మళ్లీ కొట్టుకోవాలి.

జవాబు 3:
అదంతా పెనుశిల నరసింహ అభయారణ్యం. తారు దిగాలంటే ముందు అటవీశాఖ వాళ్లని అడగండి. చీకటి పడేలోపు బయటికి వచ్చేయండి.

అడిగినవాడు:
రాపూరు ప్లానే ఖాయం అన్నా. ట్యూబులు ఆరు!