అమ్మకి కీళ్ళవాతం: ఇమ్యూనిటీ తగ్గించే మాత్రా, పెంచే పొడా?

తెనాలి అబ్బాయి, మత్తికెరె
నమస్తే అండి. బెంగళూరులో ఉద్యోగం, అమ్మ మా దగ్గరే ఉంటుంది. 58 ఏళ్ళు. నాలుగు నెలల కిందట వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి పడదు, పిండి గరిటె కూడా పట్టుకోలేకపోతోంది. డాక్టరుగారు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నారు, వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. అది ఇమ్యూనిటీ తగ్గిస్తుందని అమ్మ చెవిన పడింది. పక్కింటావిడ ‘ఉన్న శక్తీ పోతుంది, ఇది వాడండి’ అని ఏదో పొడి డబ్బా ఇచ్చారు. రెండు వారాల నుంచి అమ్మ మాత్ర మానేసింది. ఏం చెప్పి ఒప్పించాలి?

యలహంక పిన్ని
బాబూ, నాకు ఆరేళ్ళుగా ఇదే జబ్బు. మొదట్లో నేనూ ఇలాగే మానేశాను, కుడి చూపుడువేలు వంకరపోయింది, ఇక తిరిగి రాలేదు. ఇంకో మాట. దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ రాసుంటారు, నాకిచ్చిన రెండూ పసుపుపచ్చ మాత్రలే. వేరువేరు డబ్బాల్లో పెట్టు. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

హిందూపురం అమ్మాయి
నేను ఇక్కడే ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, అయిదో ఏడు. మందుల డాక్టర్ని కాను, మాత్ర సంగతి మీ డాక్టరుగారితోనే తేల్చుకోండి. కానీ ‘ఇమ్యూనిటీ పెంచుకోవాలి’ అనే మాట వింటే ఊరుకోలేను.

కాల్లో ముల్లు దిగితే వాస్తుంది, నాలుగు రోజులకి తగ్గుతుంది. ఆ తగ్గడం ఊరికే జరగదు. ముందు పరుగున వచ్చిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పనయ్యాక చచ్చిపోతాయి, మాక్రోఫేజ్‌లనే ఇంకోరకం కణాలు వాటిని మింగి ఇక చాలని కబురు పంపుతాయి. ఇవి కాక టీ కణాలనే తెల్లరక్తకణాలున్నాయి. వాటిలో మిగతావాటిని అదుపు చేసేవి రెగ్యులేటరీ టీ కణాలు, మేం టీరెగ్ అంటాం. రక్తంలో సీడీ4 అనే రకం టీ కణాలు నూరుంటే ఇవి 5 నుంచి 10. మా ఊళ్ళో చెరువు తూము దగ్గర నీరుగంటి ఉండేవాడు, ఎవరి మడికి ఎంత వదలాలో, ఎప్పుడు కట్టెయ్యాలో అతనే చూసేవాడు. అలాంటివే ఇవి. మిగతా టీ కణాలు పెరగాలంటే ఐఎల్-2 అనే ప్రొటీను కావాలి. టీరెగ్‌లు దాన్ని ముందే లాగేసుకుంటాయి, మడి తడవదు.

వీటిని 1995లో షిమోన్ సకాగుచి గుర్తించారు. ఈ టీరెగ్‌లకి కావలసిన ఫాక్స్‌పీ3 అనే జన్యువు చెడితే ఏమవుతుందో 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఎలుకల్లో పట్టుకున్నారు. అదే జన్యువు పాడైన మగపిల్లలకి ఐపెక్స్ అనే జబ్బు వస్తుంది. పసితనంలోనే సొంత ఇమ్యూనిటీ పేగుల మీద, చర్మం మీద పడుతుంది. ఆ పిల్లలకి కరువైంది శక్తి కాదండి, అదుపు. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చినరోజు ల్యాబులో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

మా దగ్గరికి రోగుల అనుమతితో మోకాలి నుంచి తీసిన నీరు వస్తుంది. మంచి కీలు నీరు గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది, ట్యూబు వెనక కాగితం పెడితే అక్షరాలు కనబడతాయి. వాచిన కీలుది మసకమసగ్గా ఉంటుంది, వంచితే నీళ్ళలా బొట్లుబొట్లుగా రాలుతుంది. అందులో టీరెగ్‌లు ఉండవనుకుంటారా? రక్తంలో కంటే ఎక్కువే ఉంటాయి! పక్కనున్న కణాలే వాటి మాట వినవు. నీరుగంటి గట్టుమీదే ఉన్నాడు, తూము మూతపడటం లేదు. ఎందుకన్నదే నా పని. నిన్న రాత్రి పదకొండున్నర దాకా ఆ కణాలనే లెక్కపెడుతూ కూర్చున్నాను.

అమ్మగారి వేళ్ళు వాచింది శక్తి తక్కువై కాదు, కీళ్ళ మీద పడ్డ సొంత ఇమ్యూనిటీ ఆగక. ఆ మాత్రతో ఇన్ఫెక్షన్ల భయం ఉన్నమాట నిజమే, అందుకే రక్తపరీక్షలు తప్పించకండి, జ్వరమొస్తే వెంటనే ఫోన్ చేయండి. ఆ పొడి డబ్బా కూడా డాక్టరుగారికి చూపించండి. మెథోట్రెక్సేట్ వాడేటప్పుడు లివరు జాగ్రత్త.

తెనాలి అబ్బాయి, మత్తికెరె
అక్కా, ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. ‘నీరుగంటి అంటే మన కాలవ మీద లస్కరేగా’ అంది! శనివారం డాక్టరుగారి దగ్గరికి వస్తానంది. మానేసిన రెండు మాత్రలూ ఇప్పుడు కలిపి వేసుకోనా అంటోంది.

హిందూపురం అమ్మాయి
వద్దు, అస్సలు వద్దు. ఎప్పుడు, ఎంతతో మళ్ళీ మొదలుపెట్టాలో శనివారం డాక్టరుగారే చెప్పాలి. అంతవరకు ఆ మాత్రల షీటు మీ దగ్గరే పెట్టుకోండి.