ఐరోపాలో పోటీ, చందుర్తిలో యుద్ధం: వీటికి లింకు ఏంటి?

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నానండి. ఏ పుస్తకం తీసినా "వలస రాజ్యాల పోటీ యుద్ధానికి దారితీసింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. సరుకు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు ఫిరంగుల దాకా ఎందుకు వెళ్లారు? మెయిన్స్‌లో అడిగితే ఏం రాయాలో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మన కోస్తానే తీసుకోండి. సలాబత్ జంగ్‌ని 1751లో నిజాం గద్దె మీద కూర్చోబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. ఆ గద్దెకి కాపలా కాసే ఫ్రెంచి సైన్యానికి జీతాలు కావాలి కదా, అందుకని 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు, అంటే జిల్లాల్లాంటి ప్రాంతాలు, రాయించుకున్నాడు. అసలు మలుపు ఇక్కడే ఉందండి. శిస్తు వసూలుకి సైన్యం కావాలి, సైన్యాన్ని పోషించడానికి శిస్తు కావాలి, ఇక వెనక్కి తగ్గే దారి లేదు. 1757లో బుస్సీ బొబ్బిలి మీదికి వచ్చింది కూడా ఈ శిస్తుల యాత్రలోనే. మనం దాన్ని రెండు సంస్థానాల పగగానే చెప్పుకుంటాం, ఆ ఫిరంగులు ఎవరి జీతాల కోసం వచ్చాయో పిల్లలకి ఎవరూ చెప్పరు, నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ప్రశ్న: అయితే 1756లో ఐరోపాలో సప్తవర్ష సంగ్రామం మొదలవకపోతే ఇక్కడ గొడవే ఉండేది కాదా?

జవాబు: ఉండేదండి. 1749 నుంచి 1754 దాకా ఇంగ్లండు, ఫ్రాన్సు రాజుల మధ్య శాంతి ఉన్నా, కర్ణాటక నవాబు పదవి కోసం పోటీపడ్డ ఇద్దరిలో ఇంగ్లీషువాళ్లు మహమ్మదాలీ వెనక, ఫ్రెంచివాళ్లు చందాసాహెబు వెనక చేరి కొట్టుకున్నారు. అమెరికాలో ఓహయో లోయలో కూడా 1754లోనే కాల్పులు మొదలయ్యాయి. 1756 యుద్ధ ప్రకటనతో ఉన్న ముసుగు తీసేశారు, అంతే. 1757 మార్చిలో క్లైవు బెంగాల్లో చందన్నగర్ పట్టుకుంటే, జూన్‌లో బుస్సీ విశాఖపట్నం తీసుకున్నాడు.

ఇంకోటి, స్థానికుల పాత్ర వదిలేయకండి. 1758లో ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగానే విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు, దాంతో క్లైవు బెంగాల్ నుంచి సేనాని ఫోర్డుని పంపాడు. ఆ డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో, ఫోర్డు వైపు తెల్ల సిపాయిలు ఏపుగా ఎదిగిన చేను చాటున ఉండిపోయారు, ఎర్ర కోట్లు వేసుకున్న మన సిపాయిలే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచి దళం వాళ్ల మీదికి తిరిగింది, చేను చాటు నుంచి వచ్చినవాళ్లు పక్క నుంచి కాల్చారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. ఫ్రెంచివాళ్లకి సాయంగా బయల్దేరిన సలాబత్ జంగ్ నెల తిరిగేసరికి ఇంగ్లీషువాళ్లతోనే ఒప్పందం చేసుకున్నాడు. 1763 పారిస్ సంధిలో యానాం లాంటి వర్తక స్థావరాలు ఫ్రెంచివాళ్లకి తిరిగి దక్కాయి, సర్కార్లు మాత్రం దక్కలేదు.

ప్రశ్న: శిస్తుకీ సైన్యానికీ ఉన్న ఆ ముడి ఇప్పటిదాకా ఎక్కడా చదవలేదండి, జవాబు అక్కడి నుంచే మొదలుపెడతాను.