గాజువాకలో షాపు, 24 ఏరియాలకి 120 పేజీలు: చేయించుకోవచ్చా?

గాజువాక ఏసీ మెకానిక్

అందరికీ నమస్తే. గాజువాకలో ఏసీ సర్వీస్ షాపు నాది. ముగ్గురు కుర్రాళ్లు, రెండు బళ్లు, పదకొండేళ్లుగా ఇదే పని. వెబ్‌సైట్ అంటే ఇప్పటికి ఒక్కటే పేజీ. దాంట్లో ఫోన్ నంబరు, నాలుగు ఫొటోలు ఉన్నాయి.

పోయిన వారం వెబ్‌సైట్లు చేసే సంస్థ నుంచి ఒకతను వచ్చాడు. 24 ఏరియాలు, ఒక్కో ఏరియాకి 5 పేజీలు: జనరల్ సర్వీస్, గ్యాస్ ఫిల్లింగ్, ఫిట్టింగ్, షిఫ్టింగ్, పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) రిపేర్. మొత్తం 120 పేజీలు, 35 వేలు, పది రోజుల్లో ఇచ్చేస్తామన్నాడు. శాంపిల్ కూడా చూపించాడు. పైన పెద్ద అక్షరాలతో ‘గాజువాకలో నంబర్ వన్ ఏసీ గ్యాస్ ఫిల్లింగ్’ అని ఉంది. కిందికి చదువుకుంటూ వెళ్తే ‘గాజువాక మెట్రో స్టేషన్ నుంచి 5 నిమిషాలు’ అని ఉంది. వైజాగ్‌లో మెట్రో ఇంకా కాగితాల మీదే ఉంది కదండీ. అదే అడిగాను. హైదరాబాద్ వాళ్లకి చేసిన ఫార్మాట్ అట, ఏరియా పేర్లు మార్చినప్పుడు ఆ లైన్ ఉండిపోయిందట, తీసేస్తామన్నాడు.

నాకు ఎంవీపీ కాలనీ, మధురవాడ వైపు నుంచి కాల్స్ కావాలి. అది నిజం. ఏప్రిల్, మే వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. మెట్రో లైన్ తీసేస్తే సరిపోతుందా, లేక ఈ పద్ధతే తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.

సైట్లు చేస్తాను, కాకినాడ

అన్నా, చేయించుకోండి. అయితే అతని దగ్గర వద్దు, సరిగ్గా చేసేవాళ్లని చూసుకోండి. ఎందుకో చెబుతాను.

మీది కస్టమర్ ఇంటికి వెళ్లి చేసే పని. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్ మ్యాప్‌లో మీ షాపు వివరాలు చూపించేది) మీలాంటి వాళ్లకి ప్రొఫైల్ ఒక్కటే ఇస్తారు. సర్వీస్ ఏరియాలు 20 దాకా పెట్టుకోవచ్చు. కానీ పెట్టుకున్నంత మాత్రాన ఆ 20 చోట్లా మ్యాప్‌లో కనిపిస్తారని కాదు. మ్యాప్ ఫలితాలకి గూగుల్ చూసేవి మూడని వాళ్లే చెప్పారు: అడిగినదానికి ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది. మధురవాడలో ఒకావిడ ఫోన్ తీసి ‘ఏసీ రిపేర్’ అని కొడితే దూరం దగ్గరే మీరు వెనకబడతారు. ఊరికి ఆ చివర మీరు, ఈ చివర ఆవిడ. మ్యాప్ కింద వచ్చే మామూలు ఫలితాల్లో కనిపించాలంటే మధురవాడ పేరుతో మీకొక పేజీ ఉండాలి. లేకపోతే ఆ స్థలమంతా జస్ట్‌డయల్, సులేఖ లాంటి పెద్ద డైరెక్టరీలదే. వాళ్లకి ప్రతి ఏరియాకీ పేజీ ఉంది. వాళ్లు చేస్తే వ్యాపారం, గాజువాక మెకానిక్ చేస్తే మోసం ఎలా అవుతుంది?

ఫార్మాట్ ఒకటే ఉండటం తప్పు కాదు. బస్ టికెట్లన్నీ ఒకే ఫార్మాట్‌లో ఉంటాయి, అందులో ఊళ్లు మారతాయి, అంతే.

ఎనిమిదేళ్లు ఎస్ఈవో చేశాను

బస్ టికెట్ మీద ఊరు మారితే బస్సూ మారుతుంది తమ్ముడూ. ఇక్కడ 120 పేజీల వెనక ఉన్నది అదే షాపు, అదే నంబరు, అవే రెండు బళ్లు. మారేది పేరొక్కటే.

ఎస్ఈవో అంటే సైట్లని గూగుల్‌లో పైకి తెచ్చే పని. ఒకప్పుడు ఇలాంటి పేజీలు నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను. ఎక్సెల్ షీట్‌లో ఒక వరుసలో ఏరియాలు, ఇంకో వరుసలో సర్వీసులు పెట్టి బటన్ నొక్కితే పేజీలు తయారు. హైదరాబాద్‌లో ఒక పెస్ట్ కంట్రోల్ అతనికి అలా 400కి పైగా చేశాం. మూడు నెలల తర్వాత సెర్చ్ కన్సోల్ (మన పేజీల్ని గూగుల్ ఏం చేసిందో చూపించేది) తెరిస్తే అందులో చాలా భాగం ‘చూశాం, ఇండెక్స్ చేయలేదు’ అనే వరుసలో పడి ఉన్నాయి. గూగుల్ వచ్చి చదివి, ఇవి ఉంచుకోవాల్సినవి కాదని పక్కన పెట్టేసింది. అతను కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. ఆ మాట అతనికి ఫోన్‌లో చెప్పాల్సి వచ్చిన రోజు నాకింకా గుర్తుంది.

గూగుల్ నియమాల్లో వీటికి ఒక పేరే ఉంది: డోర్‌వే పేజీలు, అంటే అన్నీ ఒకే గదిలోకి తెరుచుకునే తలుపులు. ఊళ్ల పేర్లు, ఏరియాల పేర్లు పెట్టి చివరికి ఒకే చోటికి తోసే పేజీలనే వాళ్లు ఉదాహరణగా ఇచ్చారు. 2015 మార్చిలో వీటిని వెనక్కి నెట్టే మార్పు తెస్తున్నామని ప్రకటించారు. 2024 మార్చిలో ‘స్కేల్డ్ కంటెంట్ అబ్యూస్’ అని ఇంకో నియమం చేర్చారు. ర్యాంకుల కోసమే, చదివేవాడికి పనికిరాని పేజీలు కుప్పలుగా పోస్తే అది స్పామ్ కిందే లెక్క. మనిషి రాశాడా, ఏఐ రాసిందా అన్నది వాళ్లకి అనవసరం.

పెద్ద డైరెక్టరీల సంగతంటావా, వాళ్ల మధురవాడ పేజీలో మధురవాడ మనుషుల నంబర్లు, రివ్యూలు ఉంటాయి. అవి ఎంత మంచివో వేరే చర్చ. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే నొప్పి నక్కకే.

డల్లాస్ నుంచి, సొంతూరు పెందుర్తి

నేను కస్టమర్‌ని. ఇలాంటి పేజీ ఒకటి మా ఇంటికి ఏం చేసిందో చెబుతాను.

పోయిన మే నెలలో మా అమ్మావాళ్ల ఏసీ ఆగిపోయింది. నాన్నకి 74 ఏళ్లు. ఇక్కడి నుంచి ‘పెందుర్తి ఏసీ రిపేర్’ అని వెతికాను. ‘పెందుర్తిలో మీ నమ్మకమైన ఏసీ నిపుణులు, 30 నిమిషాల్లో మీ ఇంటికి’ అని ఒక పేజీ వచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తినమ్మాయి మొదటి ప్రశ్న: “సార్, పెందుర్తి ఏ సిటీలో వస్తుంది? పిన్‌కోడ్ చెప్పండి.” అప్పుడే పెట్టేయాల్సింది. నాకు రాత్రి పదకొండు, అమ్మకి ఉదయం తొమ్మిదిన్నర, వేరే దారి తెలియక అడ్రస్ చెప్పాను. మనిషి వచ్చింది మర్నాడు సాయంత్రం, అనకాపల్లి నుంచి. అతనూ పాపం ఆ కంపెనీ మనిషి కాదు. కాల్‌కి ఇంత అని వాళ్లకి కమీషన్ కట్టి పని తెచ్చుకుంటున్నాడు. విజిటింగ్ చార్జి 500, కమీషన్ కలిపి గ్యాస్‌కి మామూలు కంటే ఎక్కువ.

తర్వాత తెలిసింది, మా వీధి మలుపులోనే ఒక మెకానిక్ ఉన్నాడట. అతనికి వెబ్‌సైట్ లేదు. ఆ పేజీ లేకపోతే నేను మా పక్కింటి వాళ్లని అడిగేవాడిని, అతను అరగంటలో వచ్చేవాడు.

గాజువాక అన్నా, మీ పెందుర్తి పేజీ చూసి మా అమ్మ ఫోన్ చేస్తే ఎంతసేపట్లో వస్తారు? నాకు కావాల్సింది ఆ ఒక్క జవాబే.

సైట్లు చేస్తాను, కాకినాడ

మీ అమ్మగారికి జరిగింది తప్పే, దాన్ని నేను సమర్థించను. లేని బ్రాంచి ఉన్నట్టు రాయడం, ఒకే రివ్యూని ఏరియా పేరు మార్చి 24 చోట్ల అతికించడం నేను ఏ రోజూ చేయలేదు. కానీ ఆ కాల్ సెంటర్‌నీ, నిజంగా స్క్రూడ్రైవర్ పట్టుకునే ఈ అన్ననీ ఒకే గాటన కట్టకండి. వీధి మలుపులో ఉన్న ఆ మెకానిక్‌కి పెందుర్తి పేజీ ఉండి ఉంటే మీకు దొరికేవాడు కదా?

బెజవాడ వాషింగ్ మెషిన్లు

నా అనుభవం చిన్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి కదా. నీళ్లు తీశాక రోజంతా ఒకటే రకం ఫోన్లు: మెషిన్ మునిగింది, ఆన్ చేసి చూడమంటారా? ఒక రాత్రి కూర్చుని ఒక్క పేజీ తెలుగులో రాశాను. ప్లగ్ పెట్టొద్దు, కింద మోటార్‌లో బురద ఉంటుంది, ముందు విప్పి కడగాలి, పీసీబీ తడిస్తే ఏం చేయాలి, ఏది బాగవుతుంది, ఏది డబ్బు దండగ. సింగ్ నగర్ పేరు రెండు సార్లు వచ్చిందేమో, అంతే. ఆ పేజీని జనం వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్నారు. ఇప్పటికీ దాని మీద కాల్స్ వస్తాయి. దానికి ముందు డబ్బిచ్చి చేయించుకున్న 30 ఏరియా పేజీల నుంచి వచ్చిన కాల్స్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సైట్లు చేస్తాను, కాకినాడ

మంచి పని చేశారండి. కానీ ప్రతి ఏరియాకీ వరద రాదు, రాకూడదు కూడా. మామూలు రోజుల్లో మధురవాడ గురించి ఏం రాస్తాం? ఏసీ ఎక్కడైనా ఏసీయే.

ఎనిమిదేళ్లు ఎస్ఈవో చేశాను

ఆ మాట మెకానిక్ చెప్పాలి. గాజువాక గారూ, నిజంగా ఏసీ ఎక్కడైనా ఒకటేనా? ఎంవీపీలో పనికీ మీ గాజువాకలో పనికీ తేడా ఏమీ లేదా?

గాజువాక ఏసీ మెకానిక్

తేడా లేకపోవడమేంటి సార్!

ఎంవీపీ, లాసన్స్ బే, పెదవాల్తేరు అంతా సముద్రం గాలి. అక్కడ అవుట్‌డోర్ యూనిట్‌ని ఉప్పు తినేస్తుంది. మొన్న ఒక ఫ్లాట్‌లో నాలుగేళ్ల మెషిన్ విప్పాను. కాయిల్ రేకులు వేలితో తాకితే తెల్లటి పొడిలా రాలిపోయాయి. వాళ్లు ప్రతి వేసవీ గ్యాస్ వేయించుకుంటున్నారు. లీక్ ఎక్కడుందో ఎవరూ వెతకలేదు. గ్యాస్ తాగేది కాదు కదండీ అయిపోవడానికి. లీకుంటేనే తగ్గుతుంది. సముద్రం వైపు ఇళ్లకి నేను చెప్పేది ఒకటే: అవుట్‌డోర్‌ని రెండు నెలలకోసారైనా మంచినీళ్లతో కడిగించుకోండి, మెషిన్ కొనేటప్పుడు కాయిల్‌కి కోటింగ్ ఉందో లేదో అడగండి.

జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు వెళ్తే ఉప్పు కంటే పోర్టు బొగ్గు ధూళి ఎక్కువ. ఫిల్టర్ తీసి కడిగితే బకెట్ నీళ్లు నల్లగా సిరాలా అయిపోతాయి. మూడు నెలలకోసారి సర్వీస్ అని పుస్తకంలో రాసింది అక్కడ పనికిరాదు. ఫిల్టర్ అయితే పదిహేను రోజులకోసారి వాళ్లే కడుక్కోవాలి. ఎలా కడగాలో ఇంటి ఆడవాళ్లకి నేనే చూపిస్తాను.

మధురవాడ కొత్త అపార్ట్‌మెంట్లలో చిక్కు వేరు. అవుట్‌డోర్ యూనిట్లన్నీ ఇరుకు డక్ట్‌లో, అంటే గోడల మధ్య సందులో పెడతారు, ఒకదాని వేడి గాలి ఇంకోటి పీల్చుకుంటుంది. మధ్యాహ్నం కూలింగ్ రాదు, రాత్రి వస్తుంది. జనం మెషిన్ పాడైందనుకుంటారు. ఎనిమిదో అంతస్తులో బయటికి వంగి చేయాలంటే బెల్టు, ఇద్దరు మనుషులు ఉండాలి, అందుకే అక్కడ చార్జి ఎక్కువ. అది ముందే చెప్పకపోతే గొడవ.

ఇదంతా పేజీలో రాయొచ్చా? ఇవి మాకు రోజూ ఉండే మాటలే కదా.

మధురవాడ, 6వ అంతస్తు

రాయండి బాబూ, రాయండి. మధ్యాహ్నం కూలింగ్ రాకపోవడం మా ఇంట్లో రెండేళ్లుగా ఉంది. ఇద్దరు వచ్చి గ్యాస్ వేసి వెళ్లారు కానీ డక్ట్ మాట ఒక్కరూ చెప్పలేదు. మాకు నంబర్ వన్, బెస్ట్ లాంటి మాటలక్కర్లేదు. ఎంత తీసుకుంటారు, ఎప్పుడు వస్తారు, వచ్చేది ఎవరు, ఫొటో ఉందా? ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు తీసేది మేమే కదా.

సైట్లు చేస్తాను, కాకినాడ

అన్నా, మీరు రాసింది చదివాక ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏసీ ఎక్కడైనా ఏసీయే అన్నది తప్పు.

కానీ ఎక్కువ పేజీలు చేయడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను. మీ కుర్రాళ్లు ఎలాగూ జాబ్ కార్డు రాస్తారు: ఏరియా, మోడల్, కంప్లయింట్, ఏం చేశారు, ఎంత తీసుకున్నారు. దాన్ని ఫోన్‌లో నింపేలా చేస్తే ఏరియా పేజీ దానంతటదే పెరుగుతుంది. ఫార్మాట్ ఒకటే, లోపల ఉన్నది మీ నిజమైన పని. ఇప్పుడు 120 పేజీలున్నా తప్పేంటి?

ఎనిమిదేళ్లు ఎస్ఈవో చేశాను

ఇది వేరే మాట, దీనికి నేను అడ్డు చెప్పను. రెండు షరతులు మాత్రం పెడతాను. కస్టమర్ పేరు, డోర్ నంబరు పేజీలోకి రాకూడదు, ఫొటోకి వాళ్ల అనుమతి ఉండాలి. రెండోది, కార్డులు లేని ఏరియాకి పేజీ ఉండకూడదు. అక్కడికి వెళ్లకుండా రాస్తే మళ్లీ ఆ మెట్రో స్టేషన్ దగ్గరికే వస్తాం. సర్వీస్‌కొక పేజీ అని ముక్కలు చేయడం కూడా నాకు నచ్చదు. ఎంవీపీ ఆవిడకి ఉప్పు, లీక్, గ్యాస్ మూడూ ఒకే కథ. దాన్ని మూడు పేజీలు చేస్తే ఏదీ పూర్తిగా ఉండదు. నా లెక్కలో 120 కాదు, ఐదారు చాలు.

సైట్లు చేస్తాను, కాకినాడ

ఐదారుతో మొదలుపెట్టడం సరే. అక్కడే ఆగిపోవాలని ఎందుకు? నలభై ఏరియాల్లో పని చేస్తే నలభై ఉండాలి.

గాజువాక ఏసీ మెకానిక్

రాత్రి భోజనాలయ్యాక నేనూ మా ఆవిడా కూర్చుని రెండేళ్ల జాబ్ కార్డులు మంచం మీద పోసి ఏరియాల వారీగా కట్టలు కట్టాం. గాజువాక, కూర్మన్నపాలెం కట్ట అన్నిటికంటే లావు, అది లెక్కపెట్టలేదు. ఎంవీపీ, లాసన్స్ బే కలిపి 63. జ్ఞానాపురం వైపు 38. మధురవాడ 21. పెందుర్తి 4, అందులో రెండు మా బావగారి ఇంట్లోవి. భీమిలి ఒక్కటీ లేదు. అతనిచ్చిన 24 ఏరియాల లిస్టులో భీమిలి మూడో పేరు.

120 పేజీల అతనికి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. డల్లాస్ బాబూ, మీ అమ్మగారు ఫోన్ చేస్తే మే నెలలో నేను పెందుర్తికి అదే రోజు రాలేను. అందుకే ఆ పేజీ పెట్టను. మీ వీధి మలుపులో మెకానిక్ నంబరు ఉంటే నాకు పంపండి. అటువైపు నుంచి కాల్ వస్తే అతనికే ఇస్తాను.

మధురవాడ దగ్గరే తేల్చుకోలేకపోతున్నాను. 21 కార్డులు సరిపోతాయా? వెళ్లడానికి గంటకు పైనే పడుతుంది. ఉదయం స్లాట్ అయితే ఖాయంగా వెళ్లగలను, సాయంత్రం మాట ఇవ్వలేను.

మధురవాడ, 6వ అంతస్తు

ఆ మాటే రాయండి, ‘మధురవాడకి ఉదయం మాత్రమే’ అని. మాకు ఉదయమే కావాలి.

ఎనిమిదేళ్లు ఎస్ఈవో చేశాను

ఇంకో వేసవి ఆగితే మంచిదని నా ఉద్దేశం. గంట దూరం వెళ్లి మాట తప్పితే రివ్యూలో పడేది మీ పేరే.

సైట్లు చేస్తాను, కాకినాడ

నేను ఒప్పుకోను, 21 చాలు. అన్నా, ముందు ఆ ఎంవీపీ కాయిల్ ఫొటో, ఇంటివాళ్లని అడిగి నాకు పంపండి. మొదటి పేజీ డబ్బులు తీసుకోకుండా చేసిపెడతాను. పైన సముద్రం గాలి గురించి మీరు రాసిన పేరానే అందులో అక్షరం మార్చకుండా పెడతాను.